బాబా పేరు మీద రివియెరా

ఈ బేరానికి దిగినప్పుడు నా చేతిలో పద్నాలుగు వందల దినార్లు, ఇంటి డ్రైవరు వీసా, ఆ వీసా ఇచ్చిన, మాట తప్పని కఫీల్ ఉన్నారు. మూడింటిలో కఫీల్‌కే ఎక్కువ విలువ కట్టాను.

కువైట్‌లోని ఖైతాన్‌లో అయ్యప్ప మెకానిక్ షెడ్డు వెనుక, ఇసుకలో దిగబడి ఉంది 1972 నాటి బ్యూక్ రివియెరా. రెండే తలుపులు, ఒక్కోటి మంచమంత పొడవు. వెనక అద్దం పడవ కొనలా సన్నబడి ఉంటుంది. అరవైలలో అమెరికావాళ్ళు రివియెరాను తెచ్చింది సంసారాన్ని మోయడానికి కాదు, సంపాదించినవాడు దర్జాగా తానే నడుపుకోవడానికి. ఈ పడవ ఆకారం మూడేళ్ళే చేశారు. అప్పుడు చాలామందికి నచ్చలేదు. ఇప్పుడు దానికోసమే వెతుకుతారు.

నా వీసా మీద కారు రాయించుకోలేను. మావాళ్ళు చేసేదే నేనూ చేశాను, నా డబ్బుతో కొని కఫీల్ పేరున రాయించాను. ఆయన్ని నేను బాబా అంటాను. "కారు నీది, పేరు నాది" అని నవ్వాడు. పార్టుల బిల్లులూ ఆయన పేరుతోనే రాయించాను. కువైటీ పేరు చెబితే కొట్టువాళ్ళు ధర తగ్గిస్తారని నా తెలివి.

బాగుచేసి అమ్మాలని నాలుగేళ్ళు శుక్రవారం సెలవులన్నీ దానికే పోశాను.

"ఒక్క శుక్రవారమన్నా వదినను సూసేకి పోతివా అన్నా? దీని బంపరు తుడిచేదే సరిపాయె నీకు" అనేవాడు అయ్యప్ప.

"మీ వదిన పనిమనిషి కొలువు మానాలంటే ఇదే దిక్కురా."

చివరికి ఏడు వేల దినార్లకు అమ్మకం బేరం కుదిరింది. నా భార్య వెంకటేశ్వరి, పని మానేస్తానని తను పనిచేసే ఇంటి యజమానురాలు మామాకు చెప్పేసింది. ఇద్దరం రాయచోటి వెళ్ళిపోవాలని ఏర్పాటు.

బాబా అప్పటికే మనుషుల్ని మరిచిపోతున్నాడు. అమ్మకం కాగితం మీద ఆయన సంతకం కోసం కారును ఇంటి ముందుకు తెచ్చాను. కర్ర పక్కన పడేసి వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

"నా బ్యూక్! పెళ్ళికి ముందు షర్క్‌లో సముద్రం పక్కన దీన్నే తిప్పేవాణ్ణి" అని పగలబడి నవ్వాడు.

కాగితం చూపిస్తే విసిరికొట్టాడు. "సొంత కారు ఎవడైనా అమ్ముకుంటాడా?"

పెద్దకొడుకు బదర్ కళ్ళు తుడుచుకున్నాడు. "రెండేళ్ళ తర్వాత నాన్న నవ్వాడు. ఖలాస్, కారు ఇక్కడే ఉంటుంది."

అది నా సొమ్ముతో కొన్నదని చెప్పాను.

"బిల్లులు చూపించు పుల్లయ్యా."

చూపించాను. అన్నిటి మీదా వాళ్ళ నాన్న పేరే. నిజం తెలిసిన మనిషి లోపల కూర్చుని హారన్ కొడుతున్నాడు. గొంతు పెంచితే, ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా పోతుంది. ఇప్పుడు దాన్ని పొడిగించాల్సింది బదరే.

వెంకటేశ్వరికి ఫోన్ చేశాను.

"మామాకు సెప్పేసినా గదయ్యా, ఇప్పుడేం మొగం పెట్టుకోని అడిగేది?"

"అడుగు. ఉంటానని సెప్పు."

"బిల్లులన్నా నీ పేరున రాపిచ్చుకోకూడదా? తెలివిగల్లోడివి నువ్వు!"

ఫోన్ పెట్టేశాను.

రోజూ సాయంత్రం ఇంజను నేనే స్టార్ట్ చేసి పెడతాను. ప్రహరీ లోపలే, బండి కదలకుండా, బాబా గంటసేపు నడుపుతాడు. నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, ప్రతిరోజూ నా పేరు అడుగుతాడు.

నాకు మిగిలింది నెలకు పది దినార్ల పెంపు, రెండేళ్ళ ఇఖామా. వెంకటేశ్వరిని మామా మళ్ళీ పనిలో పెట్టుకుంది, పాత జీతంలో ఐదు దినార్లు తగ్గించి. దాన్నీ లాభం కిందే రాసుకున్నాను.