ఆమేన్ అనేదాకా

రాబర్టు కారు కొన్నాడన్న సంగతి ఊరికి తెలియడానికి కారు రానక్కర్లేకపోయింది. వాళ్ళమ్మ జ్ఞానసుందరి ఉండగా వేరే చాటింపు దేనికి? బొబ్బిలిలో ఎవరో కాంట్రాక్టరు వాడుకుని అమ్మేసిన పాత బండి అది. వెనక తలుపుకి ఒక సొట్ట, సీట్లకి ఎవరింటిదో అగరొత్తుల వాసన. అయితేనేం, కాకి పిల్ల కాకికి ముద్దు. శనివారం సాయంత్రం బండి నరసన్నపేట రోడ్డు దిగి ఊళ్ళోకి వచ్చేసరికి జ్ఞానసుందరి వీధిలో నిలబడి, పొలాల నుంచి వచ్చేవాళ్ళని ఆపి మరీ చూపించింది. రెండో తాళం బొబ్బిలాయన ఇంకా ఇవ్వలేదు, వెతికి పంపిస్తానన్నాడు. ఆ మాట అప్పుడెవరూ పట్టించుకోలేదు.

వాళ్ళ బాప్టిస్టు సంఘంలో ఒక పద్ధతుంది. ఇంటికి కొత్తగా ఏదొచ్చినా, సైకిలు గానీ, కుట్టుమిషను గానీ, పాడిగేదె గానీ, ప్రార్థన కాకుండా వాడరు. ఆదివారం ఆరాధన అయ్యాక దాన్ని గుడి ముందు నిలబెడతారు. అందరూ చుట్టూ చేరి దాని మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంటారు. పాస్టరు ఏసుదానం గారు ప్రార్థన చేస్తారు. ఆమేన్ అనేదాకా కళ్ళు తెరవకూడదు, మాట్లాడకూడదు. ఒకసారి ఒక గేదె ప్రార్థన మధ్యలోనే పలుపు తెంపుకుని చెరకుతోటలో పడింది. చేతులన్నీ గాల్లో ఉండిపోయాయి గానీ కళ్ళు తెరిచిన మనిషి లేడు. అంత భక్తి మరి! ఏసుదానం గారు మంచివారు, ఒకరికి కీడు తలపెట్టే మనిషి కాదు. కాకపోతే దేవుడితో మాట్లాడే అవకాశం దొరికితే అంత తొందరగా వదిలిపెట్టరు.

రాబర్టు భార్య స్వర్ణ పలాస వైపు పిల్ల. వాళ్ళ నాన్న అక్కడి సంఘంలో పెద్ద. చిన్నప్పుడు ప్రార్థనలో కళ్ళు తెరిస్తే ఆయన పక్కనుంచే తొడపాశం పెట్టేవాడు. తను కళ్ళు తెరిచినట్టు ఆయనకెలా తెలిసేదో ఆమెకి ఇప్పటికీ అర్థం కాదు. ఆ తొడపాశాల పుణ్యమా అని ఈ సంఘంలో అందరికన్నా గట్టిగా కళ్ళు మూసుకునే కోడలని అత్తగారి చేత మెప్పు పొందింది.

ఆ ఆదివారం వేసవి ఎండ పెళపెళలాడుతోంది. షామియానా కింద ప్రేమవిందు వంటలు అవుతున్నాయి కాబట్టి కారుకి నీడ దొరకలేదు, ఎండలోనే నిలిపారు. రాబర్టు అద్దాలన్నీ ఎత్తి ఏసీ వేసుకుని వచ్చాడు. ఇంజను ఆపి, దిగి, తాళం పాస్టరు గారికి ఇవ్వబోయాడు. అప్పుడొచ్చింది జ్ఞానసుందరికి ఆలోచన.

"ఒరే, ఆగు. తాళం గుంట సేతికియ్యి. మనింట్లో సిన్నది అదే గదా. సీట్లో కూకోబెట్టు. పార్థన అయిపోయాక పసిపిల్ల సేతి మీదుగా అయ్యగారికి అందితే బండికి మంచిది."

ఇలాంటి ఆచారం ఏ సంఘంలో ఉందని ఎవరూ అడగలేదు. అందరికీ ముచ్చటగా అనిపించింది. ఏడాది నిండిన కూతురు షారోనుని రాబర్టు డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, బటన్లున్న ఆ తాళం చేతికిచ్చి, కింద పడుతుందేమోనని తలుపు వేశాడు. ఎవరో ఫోటో తీశారు.

"అయ్యగారూ, ఈయాళ బేగి కానిచ్చేయండి. పులావు సల్లారిపోతాది," అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. ఏసుదానం గారూ నవ్వారు.

చేతులు వేశారు. వేసినవాళ్ళు వేసినట్టే తీశారు. ఇనుము కాలిపోతోంది! "ఓలమ్మ, పెనమేటి ఇది!" అంటూ ఆడవాళ్ళు చెంగులు మడతపెట్టుకున్నారు, మగవాళ్ళు తువ్వాళ్ళు పరుచుకున్నారు. జ్ఞానసుందరి చేతిరుమాలు నాలుగు మడతలు వేసి బానెట్టు మీద పెట్టుకుంది. స్వర్ణ ముందు తలుపు దగ్గర నిలబడి, చెంగు అడ్డంపెట్టి, దాని మీద చెయ్యి వేసింది. అందరూ తమ చేతుల సంగతి చూసుకున్నారు. తర్వాత కళ్ళు మూసుకున్నారు.

ఏసుదానం గారు ప్రార్థన ఊరి మొగలో ఎత్తుకున్నారు. ఈ బండి మెయిన్ రోడ్డెక్కినప్పుడు కాపాడు తండ్రీ, అన్నారు. నరసన్నపేట సంతకి వెళ్ళినా కాపాడు, అన్నారు. మడపాం దగ్గర వంశధార వంతెన దాటేటప్పుడు నీ దూతల్ని పంపు, అన్నారు. శ్రీకాకుళం చేరారు. అక్కడ ఏడురోడ్ల కూడలిలో ఎటునుంచి ఏ ఆటో వస్తుందో తెలియదు కదా, అక్కడ కొంచెం ఎక్కువసేపే ఆగారు.

అప్పుడే స్వర్ణ అరచేతికింద తలుపులో 'టక్' మంది.

ఆమె కళ్ళు తెరిచింది. లోపల షారోను తాళం నోట్లో పెట్టుకుని చిగుళ్ళతో కొరుకుతోంది. తల్లిని చూసి నవ్వింది. చొంగ గడ్డం మీదికి కారింది.

తలుపులకి తాళం పడిపోయిందని స్వర్ణకి తెలుసు. చెప్పాలి. ఒక్క మాట చాలు. కానీ ప్రార్థన జరుగుతోంది. చుట్టూ అన్ని మొహాలూ, మూసిన అన్ని కళ్ళూ. అయిపోవచ్చిందిలే, విజయనగరం, ఆ తర్వాత విశాఖపట్నం, అంతే కదా, అక్కడితో ఆగుతారు అనుకుంది. తొడ మీద ఎవరో గిల్లినట్టయింది. కళ్ళు మూసుకుంది.

పాస్టరు గారు రణస్థలం దాటారు. విజయనగరంలో రాబర్టు మేనత్తని, ఆమె మోకాళ్ళ నొప్పుల్ని తలుచుకున్నారు. విశాఖపట్నం చేరారు. స్వర్ణ చెయ్యి తీయబోయింది. ఆయన అక్కడితో ఆగలేదు. బండి రెండు వైపులా తిరుగుతుంది కదా! వెనక్కి తిరిగి టెక్కలి పట్టుకున్నారు, పలాస వెళ్ళారు, అక్కడ స్వర్ణ పుట్టింటివాళ్ళని దీవించారు, ఇచ్ఛాపురం పొలిమేర దాకా వెళ్ళి, అప్పుడు "ఆమేన్" అన్నారు.

"ఆమేన్!" అన్నారందరూ. స్వర్ణ కూడా అంది.

జ్ఞానసుందరి చప్పట్లు కొడుతూ వచ్చి తలుపు లాగింది. "ఒరే రాబర్టూ, తలుపు రాదేటి?"

"గుంట బటన్ నొక్కేసినట్టున్నాది," అని రాబర్టు నవ్వాడు. అద్దం దగ్గర వంగి, "షారోనూ, నొక్కమ్మా. మళ్ళా నొక్కు. ఇదిగో, ఇలాగ," అని బొటనవేలు ఆడించి చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా బొటనవేళ్ళు ఆడించారు. ఇంతమంది ఒకేసారి ఆడిస్తుంటే పిల్ల సంబరపడి చేతులు ఊపింది. తాళం జారి కింద పడింది, బ్రేకు తొక్కే చోట.

నవ్వులు అక్కడితో ఆగాయి.

రాబర్టు నాలుగు తలుపులూ లాగాడు. మళ్ళీ లాగాడు. బొబ్బిలాయనకి ఫోను చేస్తే రెండో తాళం ఇంకా వెతుకుతున్నానన్నాడు. వెతికి దొరికినా బొబ్బిలి ఎక్కడ, ఈ ఊరెక్కడ! నరసన్నపేటలో మెకానిక్ ఎల్లాజీకి చేస్తే, "పెళ్ళిలో ఉన్నాను అన్నా, బయల్దేరి వచ్చెస్తన్నాను," అన్నాడు. ఒకాయన బడిపిల్లల స్టీలు స్కేలు తెచ్చి అద్దం సందులో దూర్చి తిప్పాడు. స్కేలు వంగింది. పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. అద్దాలు బిగించి ఉండడంతో ఏడుపు ఎక్కడో పక్క వీధిలోంచి వస్తున్నట్టుగా వినిపించింది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. మొహం కందగడ్డ అయింది.

"నా తల్లీ! నా బంగారు తల్లీ! నా నోటితో నానే ఎక్కించమన్నాను," అని జ్ఞానసుందరి అద్దం మీద కొట్టుకుంది. అటుపక్క ఆడవాళ్ళు మోకాళ్ళ మీద పడి స్తోత్రం, స్తోత్రం అంటున్నారు.

స్వర్ణ నిలబడి ఉంది. చేతులు వేలాడుతున్నాయి. భయం వేయాలి కదా, వేయలేదు. ఏడుపు రావాలి కదా, రాలేదు. బానెట్టుకి కట్టిన ఎర్ర రిబ్బను ఒక కొస ఊడిపోయిందని చూసింది. పులావు గిన్నె మూత మీద ఈగ వాలిందని చూసింది. "తల్లిని సూడే, బొమ్మలాగ ఎలాగ నిలబడ్డాదో," అని పక్కన ఎవరో అంటే అది ఇంకెవరి గురించో అనుకుంది.

పిల్ల ఏడుపు ఆగింది.

"అమ్మయ్య, నిద్దరోతన్నాది," అంది ఒకావిడ. ఏం నోరండీ అది!

ఏసుదానం గారు అద్దంలోంచి చూసి నిటారుగా లేచారు. "పగలగొట్టండి. ముందు పగలగొట్టండి!"

"గాజు గుంట మీద పడతాది అయ్యగారూ," అన్నాడు రాబర్టు. "ఎల్లాజీ వచ్చెస్తన్నాడు."

"పార్థన సేసిన బండిని..." అని జ్ఞానసుందరి అనబోయి నోరు నొక్కుకుంది.

స్వర్ణ అక్కడినుంచి నడిచింది. పరుగెత్తలేదు. షామియానా కింద వంటకి వచ్చిన బుల్లమ్మ ఇంకా సన్నికల్లు ముందే కూర్చుని, అల్లం వెల్లుల్లి ముద్ద చేతికంటుకుని, ఇటే చూస్తోంది. స్వర్ణ ఆమె చేతిలోంచి పొత్రం తీసుకుంది. బుల్లమ్మ ఏమీ అడగకుండా వదిలేసింది. ఆ రాయి బరువో తేలికో స్వర్ణకి తెలియలేదు. పిల్లకి దూరంగా, సొట్టపడ్డ వెనక తలుపు దగ్గరకి వెళ్ళి అద్దం నడిమధ్య కొట్టింది. పొత్రం ఎగిరి వెనక్కొచ్చింది. మూలకి కొట్టింది. ఈసారి అద్దమంతా పటిక ముక్కల్లా జలజలా రాలిపోయింది.

లోపలి వేడి మొహానికి కొట్టింది, పొయ్యిలోకి తొంగిచూసినట్టు. స్వర్ణ చెయ్యి దూర్చి లోపలి పిడి లాగి తలుపు తెరిచింది, సీట్ల మధ్యనుంచి పాకి పిల్లని లాక్కుంది. ఒళ్ళు సలసలా కాగిపోతోంది. తల ఆమె భుజం మీద వాలిపోయింది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గానీ ఎవరినీ చూడడం లేదు.

నీడలోకి తెచ్చారు. గౌను విప్పేశారు. బుల్లమ్మ కుండలో నీళ్ళు తెచ్చి తన చెంగు తడిపి పిల్ల ఒళ్ళంతా తుడిచింది, ఎవరో అట్టముక్కతో విసిరారు. షారోను ఒకసారి వాంతి చేసుకుని సన్నగా మూలిగింది. ఆ మూలుగు విని జ్ఞానసుందరి నేల మీద కూలబడి ఏడ్చింది. నూట ఎనిమిదికి ఫోను చేశారు గానీ అది వచ్చేలోగా ఆటో గోవింద్ బండి తెచ్చేశాడు. పిల్లని తడిగుడ్డలో పెట్టుకుని, గాలి ఆడేలా రెండు పక్కలా పరదాలు ఎత్తి, నరసన్నపేటలో ఆసుపత్రికి తీసుకుపోయారు. దారంతా స్వర్ణ గుడ్డ తడుపుతూనే ఉంది. ఆమె మోచేతి నుంచి నెత్తురు కారుతోందని రాబర్టు చెబితే చూసి, "ఔను," అంది.

ఆసుపత్రిలో పిల్లకి సెలైను పెట్టారు. కొంతసేపటికి షారోను కళ్ళు తిప్పి తల్లిని వెతుక్కుంది. తర్వాత గట్టిగా, కోపంగా ఏడ్చింది. "ఏడవనీండి. ఇలా ఏడిస్తే మంచిదే," అంది డాక్టరమ్మ. "రాత్రికి ఇక్కడే ఉంచుదాం, చూసుకుంటూ ఉండాలి. లోపల ఎంతసేపు ఉందమ్మా?"

"ఎంతోసేపు లేదండి," అన్నాడు రాబర్టు. "పార్థనయ్యాక తలుపు లాగితే రాలేదు. అప్పట్నించీ..."

"తలుపు వేసినప్పటినుంచీ చెప్పండి. వేడిలో ఉన్నది అప్పటినుంచే కదా."

రాబర్టు తెల్లమొహం వేశాడు. తలుపు వేసింది తనే.

"తలుపులకి తాళం పడినప్పుడు అయ్యగారు శ్రీకాకుళంలో ఉన్నారు," అంది స్వర్ణ.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. తక్కినవాళ్ళకి అర్థమైంది.

"నా చేతికి తెలిసింది. టక్ మంది. కళ్ళు తెరిచి చూశాను. నన్ను చూసి నవ్వింది." ఎవరిదో సంగతి చెబుతున్నట్టు అదే గొంతుతో చెబుతోంది. "విజయనగరం అయింది. విశాఖపట్నం అయింది. ఇచ్ఛాపురం దాకా ఉన్నాను. ఆమేన్ కూడా అన్నాను."

రాబర్టు ఆమె వంక చూశాడు. ఏదో అనబోయాడు. భార్యని కొడతాడేమో అన్నంత కోపం వాడి మొహంలో కనిపించింది. జ్ఞానసుందరి లేచి ఇద్దరికీ మధ్యకి వచ్చింది. ఇంతటి గొంతు ఉన్న మనిషి, పక్క మంచం వాళ్ళకి కూడా వినబడనంత మెల్లిగా మాట్లాడింది.

"దాన్నేటీ అనకురా. ఆ టక్కుమన్నది నాకూ తగిలినాది." తన అరచెయ్యి చూపించింది. "రుమాలు నాలుగు మడతలేసినా తగిలినాది. ఇంజను సల్లారతన్నాదేమో అనుకున్నాను. అనుకున్నాను గానీ కళ్ళు తెరిసి సూణ్ణేదు. బండి మీద సెయ్యున్న ప్రతివోడికీ తగిలే ఉంటాది. నీకు తగల్లేదేటి?"

రాబర్టు తల దించుకుని, తన చేతిని చొక్కాకి తుడుచుకున్నాడు. ఆ జవాబు చాలు.

అప్పుడు ఏదో కదిలింది స్వర్ణలో. ఏడుపు కాదు. అరచెయ్యి మండడం మొదలుపెట్టింది, చెంగు మడతపెట్టి తలుపు మీద ఉంచిన ఆ చెయ్యే. ఆ చేతిని పిల్ల పొట్ట మీద వేసింది. పొట్ట చల్లగా ఉంది, పైకీ కిందికీ ఆడుతోంది.

పొద్దుగూకే వేళకి ఏసుదానం గారు వచ్చారు. పొద్దున్నటికీ ఇప్పటికీ పదేళ్ళు పైబడినట్టున్నారు. మంచం పక్కన నిలబడి, "వందన ప్రార్థన చేద్దామమ్మా," అన్నారు.

ముగ్గురూ లేచి నిలబడ్డారు. పాస్టరు గారు మంచం చువ్వ మీద చెయ్యి వేశారు. "ప్రభువా, పిల్లని మాకు మళ్ళీ ఇచ్చావు," అన్నారు. ఈసారి అక్కడితో ఆగారు. "ఆమేన్," అన్నారు.

ఆ కాసేపూ స్వర్ణ కళ్ళు మూయలేదు. తనొక్కతేనేమో అనుకుని తల ఎత్తింది. అత్తగారి కళ్ళు తెరిచే ఉన్నాయి. రాబర్టు కళ్ళూ తెరిచే ఉన్నాయి. పాస్టరు గారు కూడా పిల్లనే చూస్తున్నారు.