చేపకు దొరికిన రెస్టు

మీరే చంపారు. గల్ఫ్‌లో, సీఫ్‌లో పదకొండో అంతస్తు ఆఫీసు యజమానీ, నువ్వు. క్లీనింగ్ కంపెనీ సూపర్‌వైజర్ జగ్గారావూ, నువ్వు. దిష్టి తగిలి పోయాడని లింగన్న ఇంటిది ఊళ్లో ఏడుస్తుంటే మీకు హాయిగా ఉంది. ఆ బుధవారం ఎట్లా గడిచిందో వినండి.

పొద్దున ఆరింటికి ఆ ఆఫీసు ఊడ్చే లింగన్న స్టోర్‌రూంలో చిన్న తొట్టి ముందు కూర్చుని చేపకు పెట్టే బఠానీ గింజ పొట్టు గోటితో తీస్తున్నాడు. యాభై రెండేళ్ల మనిషి. ముఖం ఉబ్బి కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. తొట్టిలో యజమాని గోల్డ్ ఫిష్. జబ్బు చేసి రెండు నెలలైనా దాని ఉబ్బు పూర్తిగా తగ్గలేదు. పొట్ట నిమ్మకాయంత, పొలుసులు కొన్ని ఇంకా పైకి లేచి, ఎడమ పక్కకు ఒరిగి ఒంటికన్నుతో చూస్తోంది.

రెండు నెలల కింద, మొదటి రోజే అక్వేరియం షాపు ముఖేష్ చెప్పాడు. దీని కిడ్నీ చెడింది, నీళ్లు ఒంట్లోనే నిలుస్తున్నాయి. వేరే తొట్టిలో పెట్టాలి, మందు ఉప్పు వేయాలి, రోజూ కొన్ని నీళ్లు మార్చాలి, కదపకూడదు, రెస్టు. లింగన్న అప్పుడే తన కాలిని వేలితో నొక్కుకున్నాడు. గుంట పడింది. పూడలేదు. అంతకుముందు అస్కర్ ఫ్యాక్టరీల్లో పదేళ్లు ఎండలో పైపులు మోసిన ఒళ్లు అది.

"సార్, దవాఖానకు పోవాలె. ఒక్క పూట ఇడువుండ్రి" అని అప్పుడే జగ్గారావును అడిగాడు.

"చేప సంగతి తేలనీ లింగన్నా. గురువారం ఆయనొస్తాడు. ఈలోగా అది చచ్చిందంటే మనిద్దరికీ ఖలాస్. నీ చెయ్యి పడితేగానీ తినదంట, నీ మేనత్త కూతురేమో చూసుకో" అని జగ్గారావు నవ్వాడు.

గురువారాలు వచ్చాయి, పోయాయి. యజమాని రాలేదు. సెలవు అడిగినప్పుడల్లా అదే జవాబు. ఈ గురువారానికి మాత్రం ఆయన టికెట్ అయిందన్నారు.

మధ్యాహ్నం ఊరి నుంచి భార్య కనకవ్వ ఫోన్ చేసింది. పన్నెండు రోజుల కింద ఆమే చెప్పింది, ఎవరిదో దిష్టి పడ్డది, ఉప్పు దిగదుడిచి సముద్రంల ఎయ్యమని. సముద్రం కిటికీలోంచి కనిపిస్తుంది. పోవడానికి టైం ఏది? డ్యూటీ దిగితే కూలీల క్యాంపుకు పోయే బస్సు ఎక్కాల్సిందే. ఆ రోజే చేప మందు ఉప్పునే తల చుట్టూ మూడుసార్లు తిప్పుకుని తొట్టిలో వేశాడు. ఒక్క ఉప్పు, రెండు పనులు.

"దిష్టి తీసుకున్నవా?"

"తీసుకున్న."

"ఉప్పు యాడేసినవ్?"

"చేప తొట్లె."



"పానమున్న నీళ్లల్ల ఎవలన్న ఏస్తరా?"

"ఏస్తే ఏమైతది?"

"అది బతుకుతది" అంది. మిగతాది చెప్పలేదు.

నిజమే. ఆ రోజు నుంచే పొలుసులు ఒక్కొక్కటీ అణుగుతున్నాయి. ఇతనికి మాత్రం ఈ పొద్దున కాలు చెప్పులో పట్టలేదు.

సాయంత్రం నీళ్లు మార్చి స్టూలు మీద కూర్చున్నాడు. చేప మెల్లగా కదిలి నిటారుగా నిలబడింది. రెండు నెలల్లో మొదటిసారి. అద్దం దగ్గరికి వచ్చి ముఖానికి ముఖం పెట్టింది. అతను ఊపిరి తీస్తే దాని మొప్పలు తెరుచుకున్నాయి. వదిలితే మూసుకున్నాయి. అతను ఊపిరి బిగబట్టి చూశాడు. అవీ ఆగాయి.

"లేసినవా తల్లీ. రేపు నా వంతు" అన్నాడు.

కింద బస్సు హారన్ కొట్టింది. లేవబోయి, లేవలేక, గోడకు ఆనుకున్నాడు. ఎడమ పక్కకు ఒరిగాడు.

తిట్టడానికి జగ్గారావు పైకి వచ్చేసరికి ఒళ్లు చల్లబడింది. చేప అద్దం దగ్గరే ఉంది. మొప్పలు తెరుచుకుంటూ, మూసుకుంటూ.

కాగితం మీద సహజ మరణం అని రాశారు. కనకవ్వ ఉప్పును తిట్టుకుంటోంది. ఉప్పుది కాదు తప్పు. చేపకు రెస్టు ఇచ్చి మనిషికి ఇవ్వనివాళ్లది. శవం విమానం ఎక్కకముందే ఆ సహజ అన్న మాట కొట్టేయండి. కిడ్నీ అని రాయండి. సెలవు ఎన్నిసార్లు అడిగాడో, ఎవరు కాదన్నారో రాయండి. సాక్ష్యం కావాలంటే స్టోర్‌రూం తలుపు తీయండి. తొట్టి కింద ఉన్నాయి అతని చెప్పులు, కాలు పట్టక ఆ పొద్దున పట్టీలు కత్తిరించి పురికొసతో ముడేసుకున్నవి.