ఒకే పొడవు బాణాలు

ఇండక్షన్ స్టవ్‌లు డిజైన్ చేసే ఆ ఆఫీసులో తోడికోడళ్ళిద్దరివీ పక్కపక్క సీట్లే. చిన్నామెను తీసుకొచ్చి చేర్పించింది పెద్దామే. ఇప్పుడు కొత్త స్టవ్ పనికి ఇద్దరిలో ఎవరిని లీడర్ని చెయ్యాలా అని మేనేజరు ఆలోచిస్తున్నాడు.

స్టవ్ లోపలి తీగచుట్ట చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎటు తిరుగుతోందో కంప్యూటర్ బాణాలుగా చూపిస్తుంది. పెద్దామె బొమ్మలో బలాన్ని బట్టి బాణం పొడవు. చుట్ట దగ్గర బారెడేసి, దూరం పోయేకొద్దీ చుక్కలు. చిన్నామె బొమ్మలో అన్నీ ఒకే పొడవు.

ఇంట్లో ల్యాప్‌టాప్‌లో అత్తగారు రెండు బొమ్మలూ చూసింది.

"చిన్నదానిది నున్నగా తల దువ్వినట్టుంది. నీదేమిటే, ముళ్ళకంపలా."

పెద్దామె నవ్వింది గానీ ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు మేనేజరు కూడా చిన్నామె బొమ్మే మీటింగుకి పెడదామన్నాడు. "మీరోసారి చూసి చెప్పండి" అని పెద్దామెకి అప్పగించాడు.

చూడగానే తెలిసిపోయింది. పొడవులు సమానం చేస్తే బలాన్ని రంగుల్లో చూపించాలి. ఆ రంగు ఆన్ చెయ్యడం మరిచిపోయింది పిల్ల.

"ఎలా ఉందక్కా?"

"బాగుంది."

మేనేజరుకీ అదే మాట చెప్పింది.

మీటింగులో ఫ్యాక్టరీ ఆయన చుట్ట పక్కనే వేలు పెట్టాడు. "బాణాలు ఎక్కడైనా ఒకటేగా. వేడి కొలిచే తీగ ఇక్కణ్ణుంచే లాగేద్దాం, దగ్గర దారి."

పెద్దామె ఇందుకోసమే కాచుక్కూర్చుంది.

"అక్కడ క్షేత్రం చాలా ఎక్కువండీ, తీగ కాలిపోతుంది. బొమ్మలో బలం చూపించే రంగే వెయ్యలేదు."

మేనేజరు ఇటు తిరిగాడు. "మరి పొద్దున చూసి బాగుందన్నారుగా?"

ఈ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు.

"అక్క అప్పుడే చెప్పిందండీ రంగు వెయ్యమని. వేసేస్తానన్నాను, అందుకే బాగుందని చెప్పి ఉంటుంది. నేనే మర్చిపోయాను" అంది చిన్నామె. మౌస్ నొక్కింది. చుట్ట పక్క బాణాలు ఎర్రబడ్డాయి.

తప్పు ఒప్పుకునే మనిషి దొరకడం కష్టమంటూ సాయంత్రం మేనేజరు చిన్నామెనే లీడర్ని చేశాడు.

బస్సులో చిన్నామె కిటికీ సీటు అక్కకి వదిలి పక్కకి జరిగింది.

"ఎందుకలా చెప్పావు?" అడిగింది పెద్దామె.

"అంతమందిలో నువ్వలా బిక్కమొహం వేసుంటే చూడలేకపోయానక్కా. ఇంట్లో అత్తయ్యకి లీడర్ సంగతి నువ్వే చెప్పవూ? నేను చెబితే గొప్పలనుకుంటుంది."

"సరే."

గాలి చల్లగా మొహానికి తగులుతోంది. ఈ సీటు కూడా చిన్నదే ఇచ్చింది, అనుకుంది పెద్దామె.