రెండో అరలో సీసా

ఊరంతా షాపక్క అని పిలిచే ఆమె రోజూ పొద్దున్నే తన మందుల షాపు షట్టరు ఎత్తి, కౌంటరు అద్దం తుడిచి, వెనక గోడకున్న అయిదరల బీరువాని ఓసారి తేరిపార చూసేది. మందులన్నీ సర్కారు చెప్పిన అరల్లో బుద్ధిగా ఉండేవి. ఏ మందుది ఏ అరో తేల్చడానికి చట్టం అడిగేవి రెండే ప్రశ్నలు. వైద్యానికి పనికొస్తుందా? అలవాటైతే మనిషిని వదులుతుందా? ఏ జబ్బుకీ పనికిరాకుండా మనిషిని నమిలి మింగేదానిది పై అర. అది ఎప్పుడూ ఖాళీయే, అలాంటి సరుకు షాపుల్లో పెట్టకూడదు కదా. వైద్యానికి తప్పనిసరే గానీ, అలవాటైతే కొంప ముంచేదానిది రెండో అర. దానికి తాళం. అక్కణ్ణుంచి కిందికొచ్చేకొద్దీ భయం తగ్గుతూ పోతుంది. అట్టడుగున దగ్గుమందు.

కౌంటరు ముందుకి మనిషి వచ్చాడంటే మాత్రం, ఆ మనిషిని బట్టి మందులు వాటంతటవే అరలు మారేవి. తాళం ఆపేది మనుషుల్నే గానీ మందుల్ని కాదు. నిద్రమాత్రల డబ్బా ఒక అర పైకి జరిగితే, కొనడానికొచ్చినామె "సరే, కొన్నాళ్ళు మానేస్తాలే" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయేది. ఆమె గుమ్మం దాటగానే డబ్బా మళ్ళీ తన చోటికి దిగేది. తనిఖీకి వచ్చే అధికారి కూడా, ఎందుకొచ్చిన గొడవ అని, బీరువాకి వీపు పెట్టి కూర్చునేవాడు.

ఆ గుమ్మం తొక్కనిది షాపక్క తమ్ముడొక్కడే. కుర్చీలు అల్లి బాగుచేసే పని వాడిది. ఒకప్పుడు దగ్గుమందుతో మొదలుపెట్టి, రెండో అర సరుకు దాకా వెళ్ళి, ఇల్లు గుల్ల చేశాడు. ఆఖరిసారి షాపుకొచ్చినప్పుడు దగ్గుమందు సీసాలన్నీ కట్టకట్టుకుని పై అరకెక్కాయి. అందరూ చూశారు. వాడికి తల తీసేసినట్టయింది. తర్వాత నానా యాతనా పడి మానేశాడు గానీ, షాపు కనబడితే చాలు, రోడ్డు అవతలి వైపుకి మారిపోయేవాడు.

ఇప్పుడు అమ్మకి ఎముకల్లో జబ్బు. నొప్పి తగ్గడానికి డాక్టరు మార్ఫిన్ రాశాడు, రెండో అర సరుకే. అక్క షాపులో ఉంటే పగలంతా అమ్మ దగ్గరుండేది తమ్ముడే. ఆ మందు పోయాల్సిందీ వాడే.

"ఆ సీసా ఇంట్లోకి తేకక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"మరి అమ్మ సంగతేంట్రా?"

పక్కగదిలో అమ్మ దుప్పటి అంచు పళ్ళ మధ్య నొక్కిపెట్టుకుంది. కొడుకు వింటాడని మూలగడం కూడా మానేసింది. షాపక్కకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. మందిస్తే తమ్ముడు చెయ్యి జారిపోతాడు. ఇవ్వకపోతే అమ్మ ఇలాగే నలిగిపోతుంది.

చివరికి అమ్మే తేల్చేసింది. "నన్ను షాపుకి తీసుకెళ్ళరా. ఆ బీరువా ఏమంటుందో చూద్దాం."

"అందరి ముందూ అది పైకెక్కితే?"

"ఎక్కితే ఎక్కనీ. తిరిగొచ్చేద్దాం. నొప్పి నాకేమైనా కొత్తా?"

తను అల్లిన చక్రాల కుర్చీలోనే అమ్మని తోసుకొచ్చి, తమ్ముడు గుమ్మం బయటే ఆగిపోయాడు. షాపక్క కుర్చీని లోపలికి లాక్కుంది. రెండో అరలోని సీసా అమ్మని చూసి మెల్లగా దిగి, దగ్గుమందు పక్కన కూర్చుంది.

"ఇంకేం, ఇచ్చెయ్యమ్మా," అంది తలనొప్పి మాత్రకొచ్చిన పక్కింటి టైలరమ్మ.

"పోసేది వాడు కదా పిన్నీ."

అమ్మ గుమ్మం వైపు తిరిగింది. "లోపలికి రా నాన్నా."

వాడు అడుగు పెట్టాడో లేదో, సీసా లేచింది. రెండో అర దాటి, ఖాళీగా ఉన్న పై అరలో ఒంటరిగా నిలబడింది. అక్కడున్నదాన్ని ఎవరికీ ఇవ్వడానికి లేదు.

"చెప్పానా!" అని వాడు వెనుదిరిగాడు. అమ్మ వాడి చెయ్యి పట్టుకుంది.

"పోకురా. నాకు నొప్పిగా ఉంది. ఓర్చుకోలేకపోతున్నాను."

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. వాడు అక్కడే కూలబడి అమ్మ ఒళ్ళో తల పెట్టుకున్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

"నాకు భయంగా ఉందక్కా. ఇప్పటికీ అది కావాలనిపిస్తుంది. సీసా నీ దగ్గరే ఉంచుకో. ఏ రోజుకి కావలసింది ఆ రోజు ఇవ్వు. పోసేటప్పుడు నా పక్కన ఎవరైనా ఉండాలి."

"నేనొస్తాలే," అంది టైలరమ్మ. "మిషను కాసేపు ఆగితే కొంపలేం మునగవు."

సీసా పై అర వదిలింది. రెండో అర దాకా వచ్చి, అక్కడే ఆగింది. షాపక్క ఇంకాస్త దిగుతుందేమోనని చూసింది. దిగలేదు. పనికొస్తుంది, ప్రమాదమూ ఉంది. రెండూ నిజమే. ఆమె కళ్ళు తుడుచుకుని తాళం తీసింది.

ఆ మధ్యాహ్నం అమ్మ గురక పెట్టి మరీ నిద్రపోయింది. తమ్ముడు మంచం పక్కన కుర్చీ అల్లుకుంటూ ఆ గురక విన్నాడు. అలా చాలా మధ్యాహ్నాలు గడిచాయి.

అమ్మ పోయింది, నిద్రలోనే. అంతా అయ్యాక తమ్ముడు, ఆఖరి రోజు వాడకుండా మిగిలిన మందు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. మూత కూడా తియ్యలేదు. షాపక్క దాన్ని తీసుకుని వెనక్కి తిరిగింది. తమ్ముడు ఎదురుగా నిలబడే ఉన్నాడు. అయినా ఈసారి దగ్గుమందు సీసాలు అట్టడుగున, ఉన్నచోటే ఉన్నాయి.

"కూర్చోరా," అంది ఆమె. "టీ తెప్పిస్తా."