కిటికీకి మెత్తిన మట్టి

ఇలా దగ్గరికి జరగవే తల్లీ. అంత దూరాన కూర్చుంటే సగం మాటలు గోడలకు చెప్పినట్టే అవుతుంది. కాళ్లు దుప్పట్లోకి ముడుచుకో. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు, అదేం అలిగి పోదులే. మట్టక్క సంగతి చెప్తాను. మొగుణ్ణి చేజేతులా పోగొట్టుకుందని కొందరంటారు, బతికించుకోవాలని పడరాని పాట్లు పడిందని కొందరంటారు. అనే నోళ్లను ఎవరాపగలరు? జరిగింది జరిగినట్టు నువ్వు విను, చాలు.

మట్టక్కకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఇంకేదో ఉండేది. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఒక్కరొక్కరే పోయారు. కోక్ బొగ్గు తయారుచేసే కార్ఖానాలో పని ఆవిడది. కోక్ అంటే నీకెలా తెలుస్తుందిలే! గనిలోంచి వచ్చిన పచ్చి బొగ్గును ఇరుకు గదుల్లో పోసి, గాలి చొరకుండా మూసి, ఒక పగలూ ఒక రాత్రీ సెగకు ఉడికిస్తారు. ఆ గదులు ఎంత ఇరుకంటే, మనిషి నిలబడితే రెండు భుజాలూ రెండు గోడలకూ రాసుకుంటాయి. బొగ్గులోని గ్యాసూ తారూ అంతా గొట్టాల్లోంచి లాగేస్తే చివరికి మిగిలేది కోక్. బూడిదరంగులో, గుల్లగా, గట్టిగా ఉంటుంది. ఇనుము కరిగించాలంటే అది కావాలి. అలమరలో పుస్తకాల్లా వరసగా నిలబెట్టిన ఆ గదులన్నిటినీ కలిపి బట్టీ అనేవాళ్లు.

ప్రతి గదికీ ఇనుప తలుపు. తలుపు అంచున సందు మిగిలితే అందులోంచి పసుపుపచ్చ పొగ కారుతుంది. ఆ సందులు మూయడమే మట్టక్క పని. జల్లెడ పట్టిన మట్టిలో బూడిద, ఇటుకపొడి కలిపి, నీళ్లు చిలకరించి, కాళ్లతో తొక్కి ముద్ద చేసేది. పాకానికి వచ్చిందో లేదో కళ్లతో కాదు, వేళ్లతో చూసేది. ఆ ముద్దతో తలుపు చుట్టూ ఎక్కడా చెయ్యి ఎత్తకుండా పాముకుంటూ పోయేది. మట్టక్క మెత్తిందంటే ఇక ఆ తలుపు వంక చూడక్కర్లేదని ఫోర్‌మన్ కూడా తిరిగి వెళ్లిపోయేవాడు.

ఆవిడ మొగుడు పని చేసింది పైన, బట్టీ నెత్తిమీద. గదుల మూతలు తీసి, బొగ్గు పోయించి, మళ్లీ మూతలు వేసేవాడు. అరికాళ్లు కాలకుండా బూట్ల కింద చెక్కపలకలు కట్టుకుని టకటకలాడుతూ నడిచేవాడు. అందరికీ ఆయన మూతలాయన. "కింద నా పెళ్లాం తలుపు మూస్తుంది, పైన నేను మూత పెడతాను. మా ఇంటి గుట్టు ఇక బయటికెలా పోతుందిరా?" అని నవ్వించేవాడు.

అలాంటి కార్ఖానా మూతపడింది. దూరం నుంచి చవకరకం కోక్ ఓడల్లో వస్తోందన్నారు. ఇనుము చేసే తీరే మారిపోతోందన్నారు. ఈ పొగ మనుషుల ఊపిరితిత్తులు తినేస్తోందన్నారు. ఆ చివరి మాట మాత్రం కాదనడానికి లేదు. బట్టీకి ఒక గుణముంది తల్లీ. ఒకసారి వెలిగించాక చల్లారనివ్వకూడదు. చల్లారితే లోపలి ఇటుకలు పగిలిపోతాయి, ఇక మళ్లీ అంటుకోదు. తాతలు రాజేసిన వేడిని మనవలు షిఫ్టులు మార్చుకుంటూ కాపాడుకొచ్చారు. దాన్ని ఆరిపొమ్మని వదిలేశారు. దాని వెనకే గని పోయింది. గని వెనక బొగ్గు రైలు, రైలు వెనక క్యాంటీను, క్షవరం దుకాణం, సైకిళ్ల షాపు పోయాయి. మనుషులు మిగిలారు.

మూతలాయనకు మిగిలింది ఆయాసం. మంచానికీ కుర్చీకీ మధ్య నడవడమే ఆయనకు పెద్ద ప్రయాణమైపోయింది. అయినా సాయంత్రమయ్యేసరికి మొహం కడుక్కుని, తల దువ్వుకుని ఎదురుచూసేవాడు. పాత స్నేహితులు ఇద్దరు వచ్చేవాళ్లు. ఒకడు తోపుబండి డ్రైవరు. ఉడికిన కోక్‌ను గది వెనకనుంచి ఇనుప చేత్తో ముందుకు నెట్టే బండి అతనిది. రెండోవాడు గ్యాసు తమ్ముడు. గ్యాసు ఎక్కడ కారుతోందో మీటరు పట్టుకుని తిరిగి చూసేవాడు.

"ఏం బావా, ఇవాళ ఊపిరి ఏ షిఫ్టులో ఉంది?" అనేవాడు డ్రైవరు గుమ్మంలోనే.

"ఓవర్‌టైము చేస్తోందిరా. దిగి పొమ్మంటే పోవట్లేదు."

"నీకేం అన్నా, వదిన టీ పెట్టిస్తుంది. నేను ఇంటికెళితే టీవీలో వాతావరణం చెప్పే పిల్ల తప్ప పలకరించే దిక్కు లేదు," అనేవాడు గ్యాసు తమ్ముడు.

"పెళ్లి చేసుకోమంటే విన్నావట్రా? పిల్లను చూడ్డానికెళ్లి కూడా మీటరు బయటికి తీశావు!" అని తగులుకునేవాడు డ్రైవరు.

ఇక మొదలయ్యేవి కబుర్లు. ఎర్రగా మండే కోక్ గోడ గదిలోంచి నిలువునా బయటికొచ్చి బండిలోకి విరిగిపడటం, దానిమీద నీళ్లు కుమ్మరిస్తే ఆకాశం దాకా లేచిన ఆవిరి, తీగెమీద ఆరేసిన తెల్లచీరలు తీసేలోగా నల్లచుక్కల చీరలైపోవడం. ఆ కాసేపూ మూతలాయన దగ్గడం మరిచిపోయేవాడు. లోపల టీ గిన్నె దగ్గర నిలబడి మట్టక్క అది గమనిస్తూనే ఉండేది.

ఆ ఏడు వానలు పట్టాయంటే పట్టాయి. చలి ఎముకల్లోకి దిగింది. డాక్టరమ్మ వచ్చి గుండె చూసి, వీపు చూసి, మట్టక్కను పక్కకు పిలిచింది.

"చలి తగలనివ్వకండి. పొగ అసలు తగలకూడదు. ఈ రెండూ చూసుకుంటే చలికాలం దాటిస్తారు."

ఆ మాట మట్టక్క మనసులో మేకు దిగినట్టు దిగింది. చలికాలం దాటించాలి. లేచినా కూర్చున్నా అదే ధ్యాస. పట్నంలో ఉద్యోగం చేసే కూతురు కొనిచ్చిన కరెంటు హీటరు ఉంది గానీ, ఆ వానల్లో కరెంటు వచ్చిపోయే చుట్టమైపోయింది. కట్టెలు ముట్టిస్తే పొగ. అప్పుడు గ్యాసు తమ్ముడు పాత యార్డులో ఏరుకున్న కోక్ బస్తా ఒకటి మోసుకొచ్చి పెట్టాడు.

"కుంపట్లో ఇది వెయ్యి వదినా. దీనికి పొగేది? ఉన్న గ్యాసంతా మనమే కదా పిండి గొట్టాల్లోకి పంపించాం. పిప్పిలో రసముంటుందా?"

అదీ నిజమే కదా అనిపించింది ఆవిడకు. బట్టీ గ్యాసుకు కుళ్లిన గుడ్ల కంపు, ముక్కులదిరే ఘాటు. బతుకంతా ఆ వాసనకే భయపడింది. వాసన లేనిచోట భయమేముంటుంది? వాసనా రంగూ లేని విషం మూసిన గదిలో నిప్పుకణికల మీదనుంచి లేస్తుందని గ్యాసు తమ్ముడికి తెలుసు. కానీ గాలికి కర్టెన్లు ఊగే ఆ గదిలో ఏమవుతుందిలే అనుకున్నాడు. మట్టక్క చేతిసంగతి మరిచిపోయాడు.

కుంపటి వెలిగింది. గది వెచ్చబడింది గానీ, కిటికీ సందుల్లోంచి సూదుల్లా చలి. మట్టక్క పెరట్లోకి వెళ్లి మట్టి తవ్వుకొచ్చింది. జల్లెడ పట్టింది, బూడిద కలిపింది, మూలనున్న పాత ఇటుకను దంచి పొడి చేసి కలిపింది. కొంగు దోపుకుని తొక్కుతుంటే మడమలకు ఎక్కడలేని సత్తువ వచ్చింది. ఎన్నేళ్లయిందో ఆ చేతులకు వాటి పని దొరికి! కిటికీ చుట్టూ, గోడ బీటల్లో, పైకప్పు అంచున, ఎక్కడా చెయ్యి ఎత్తకుండా పాముకుంటూ పోయింది.

మంచం మీదనుంచి చూస్తూ మూతలాయన నవ్వాడు. "ఏమేవ్, నన్ను ఉడకబెడతావా ఏంటి?"

"ఆ, ఉడకబెట్టి రేపు పొద్దున మీ తోపుబండి బామ్మర్ది చేత బయటికి తోయించేస్తా. కదలకుండా పడుకోండి."

మధ్యాహ్నానికి మాత్రలు అయిపోయాయని చూసుకుంది. గొడుగు తీసుకుని బయటికొచ్చి గది తలుపు వేసింది. గిన్నెలో కాస్త మట్టి మిగిలింది. తలుపు వేశాక బయటినుంచి మెత్తడం, బతుకంతా చేసింది అదే కదా. చెయ్యి దాని దారిన అది పోయింది. తలుపు చుట్టూ తడిమట్టి గీత ఒకటి, వెంట్రుకవాసి సందు లేకుండా. చేతులు కడుక్కుని, తను చేసిన పని ఒకసారి చూసుకుని, మందుల షాపుకు బయల్దేరింది.

షాపులో కరెంటు లేదు. జనం మూగి ఉన్నారు. ఆలస్యమైంది.

ఈలోగా గ్యాసు తమ్ముడు వచ్చాడు. తలుపు చుట్టూ ఆ గీత చూడగానే అతనికి సంగతి అర్థమైంది. పిలిస్తే పలుకు లేదు. భుజంతో ఒక్క తోపు తోసి, లోపలికి దూకి, మూతలాయన్ని దుప్పటితో సహా ఎత్తుకుని వసారాలోకి తెచ్చి పడుకోబెట్టాడు. మట్టక్క వీధి మొదట్లోంచే చూసింది. పరుగున వచ్చి వంగింది. ఆయన బుగ్గలు ఎర్రగా, పెళ్లినాటి కుర్రాడిలా ఉన్నాయి. ఎంత కళగా ఉన్నాడు అనుకుంది ఒక్క క్షణం.

"ఆ ఎరుపు మంచిది కాదు వదినా! అది గ్యాసు! ఎవరిదైనా బండి ఆపు, ఆపు!"

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ప్రాణం నిలబడింది. కానీ ఇంటికి తిరిగొచ్చిన మనిషి వెళ్లిన మనిషిలో సగమే. డాక్టరమ్మ తిట్టలేదు. "ఈసారి చలి తగిలిందంటే మాత్రం నా చేతుల్లో ఏమీ లేదు," అంది. తిట్టుంటేనే బాగుండేది.

కూతురు సెలవు పెట్టి వచ్చేసింది. కుంపటి తీసి పెరట్లో పారేసింది. "ఆ నిప్పూ వద్దు, ఆ బస్తాలు మోసుకొచ్చే మనుషులూ వద్దు," అంది. వాళ్లూ రాలేదు. గ్యాసు తమ్ముడు వీధి చివరిదాకా వచ్చి, సిగ్గుతో వెనక్కి తిరిగి వెళ్లడం మట్టక్క చూసింది. ఆవిడ మాత్రం ఎవరి మొహం చూసింది గనక? అన్నం వండేది, గిన్నెలు తోమేది, తన చేతుల వంక చూడకుండా. కిటికీ మట్టి అలాగే ఉంది. చలి రాకూడదు కదా.

సాయంత్రాలు మూతలాయన మొహం కడుక్కోవడం మానేశాడు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

"ఏమేవ్, వాళ్లిద్దరూ రారా?"

"చలికాలం పోనివ్వండి. కిటికీ తీస్తాను, అందరూ వస్తారు."

"పైన నిలబడి మూతలు వేసేవాణ్ణి. ఇప్పుడు మూత కింద నేనున్నాను. పైన పలికేవాడు లేడు." ఊపిరి కూడదీసుకోడానికి ఆగాడు. "చలికాలం దాటి ఎక్కడికెళ్లాలే నేను?"

ఆవిడ ఆయన కాళ్లమీద దుప్పటి సర్దింది. అప్పుడు అడిగింది. "నామీద కోపమా?"

"కోపం దేనికి? పడుకుని చూస్తున్నా కదా రోజూ. ఎక్కడా ఒక్క నెర్రె ఇవ్వలేదు. ఫోర్‌మన్ ఉండుంటే కొత్తవాళ్లను పిలుచుకొచ్చి చూపించేవాడు."

ఆస్పత్రిలో కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీది, వంటింట్లోకి వెళ్లి సుత్తీ పాత కత్తీ తెచ్చింది. మట్టి రాయిలా బిగిసిపోయింది. కత్తి మొన పెట్టి కొడుతుంటే ఒక్కో పెళ్లే ఊడి పడింది. చప్పుడుకు కూతురు పరుగున వచ్చింది.

"అమ్మా! నీకు మతి పోయిందా? చలిగాలి తగిలితే నాన్న బతకడని చెప్పారు కదా! మళ్లీనా?"

"మళ్లీ కాదే. అప్పుడు తెలియక చేశాను. ఇది తెలిసి చేస్తున్నాను."

"నేను ఒప్పుకోను."

"నువ్వు ఒప్పుకోవద్దులే. వెళ్లి ఆ ఇద్దరినీ పిలుచుకురా. వద్దన్నది నువ్వే, నేను పిలిస్తే రారు."

కూతురు కదల్లేదు. తండ్రి గోడవైపు నుంచి ఇటు తిరిగి చూశాడు. ఆ చూపు చూసి చెప్పులేసుకుని వెళ్లింది.

ఆ రోజునుంచి కుంపటి బయట, చూరు కింద, తెరిచిన కిటికీకి దూరంగా. దాని చుట్టూ వాళ్లిద్దరూ. లోపల మెడదాకా దుప్పట్లు కప్పుకుని మూతలాయన, ఆయన తలకు ఉలెన్ మఫ్లరు. గ్యాసు తమ్ముడు మొదటిరోజు తలెత్తలేదు.

"ఏరా, మీటరు ఏమంటోంది?" అన్నాడు మూతలాయన లోపల్నుంచి.

వాడు ఏడుస్తూనే నవ్వాడు. మళ్లీ కబుర్లు మొదలయ్యాయి. ఒకనాడు, బట్టీ చల్లారిన రోజు మాట వచ్చింది. లోపల ఇటుకలు టప్పు టప్పుమని పగులుతుంటే గేటు బయట జనం నిలబడి విన్నారని డ్రైవరు చెప్పాడు.

"నేను పైకెక్కానురా," అన్నాడు మూతలాయన. ఆ సంగతి మట్టక్కకు కూడా తెలియదు. "అందరూ వెళ్లాక ఎక్కాను. అలవాటు కొద్దీ చెక్కలు కట్టుకున్నా. తర్వాత ఎందుకో విప్పేసి, బూట్లు కూడా తీసేసి నిలబడ్డా. అరికాళ్లకు చల్లగా తగిలింది. అన్నేళ్లలో దాని ఒంటికి నా ఒళ్లు తగిలింది అదొక్కసారే. పోయినవాళ్ల నుదురు ముట్టుకుంటే ఎలా ఉంటుందో, అలా."

మట్టక్క కుంపట్లో ఇంకో రెండు కోక్ ముక్కలు వేసింది.

ఆయన చలికాలం దాటలేదు. వాన వెలిసిన ఒక సాయంత్రం, డ్రైవరు ఏదో పాత కథ చెప్పి, "అవునా కాదా బావా?" అన్నాడు. లోపల్నుంచి జవాబు రాలేదు.

"ఆ కిటికీ తీయకపోతే నాన్న ఎండలు చూసేవాడు," అంది కూతురు చాలాకాలం తర్వాత, ఒకసారి.

"చూసేవాడేమో," అంది మట్టక్క. వాదించలేదు.

ఇప్పుడు బట్టీ ఉన్నచోట చదునైన నేల. లారీలు ఆపుకుంటారు. అక్కడ ఏముండేదో అడిగితే లారీవాళ్లకు తెలియదు. అందుకే నీకు చెప్తున్నా తల్లీ. రేపు నువ్వు ఇంకొకరికి చెప్పేటప్పుడు, తలుపుకు మట్టి మెత్తిన దగ్గర ఆపెయ్యకు. అక్కడ ఆపితే ఆవిడ వేరే మనిషైపోతుంది. సుత్తి తెచ్చిన దాకా చెప్పు, కుంపటి చుట్టూ ఆడుకున్న ఆ మాటలన్నీ చెప్పు. తీర్పు మాత్రం చెప్పకు, వినేవాళ్లనే మోయనివ్వు. ఏదీ, ఒకసారి మొదటినుంచి నాకు చెప్పు. ఎక్కడ మర్చిపోతావో చూస్తాను.