బోర్లించిన ఆటపెట్టె

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. ఆ మూల గుసగుసలు ఆపండి. టెంపే వేపుడు తింటున్నవాళ్లు చప్పుడు కాకుండా నమలండి. పైరన్ కొట్టు ఎలా పోయిందో చెప్తాను.

వొనొక్రోమోలో రైలుకట్ట పక్కన మా సందు ఉందే, అందులో పైరన్‌ది వీడియో గేముల కొట్టు. గంటకింతని ఇచ్చి, చాప మీద కూర్చుని ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. ఆటపెట్టెలన్నీ మొదటి తరానివి. ఆ తరంలో ఆటగాళ్ల మొహాలు ఇటుకల్లా ఉండేవి, బంతికి మూలలుండేవి. ఒకడు గట్టిగా తంతే ఆ మూల తగిలి తెర ఇవతల కూర్చున్నవాడి బుగ్గ చీరుకుపోయింది. రెండో తరంలో మొహాలకి ముక్కులొచ్చాయి. మూడో తరంలో ఆ ముక్కులకి చెమట పట్టింది. నాలుగో తరంలో తెర మీద వాన పడితే ఆరేసిన బట్టలు తియ్యడానికి ఆడవాళ్లు పరిగెత్తేవాళ్లు. ఐదో తరం వచ్చేసరికి గోల్‌కీపర్ చొక్కా ఉతుక్కోకపోతే సందు చివరిదాకా కంపు.

పైరన్ మాత్రం ఒక్క కొత్త పెట్టె కొనలేదు. "అన్నీ ఒకటేరా. కొత్తదని చెప్పి మీకు టోపీ పెడుతున్నారు," అనేవాడు. పిసినారి అనుకున్నాం. అసలు సంగతి అతని కళ్లకి పొరలు. ఇటుక మొహమైనా చెమట ముక్కైనా అతనికి కనబడేది పచ్చటి మసకే. అది తెలిసింది ఇద్దరికే. ఒకరు భార్య తుమిని, ఇంకొకడు ఒకప్పుడు ఆ కొట్లో చాపలు దులిపిన రోఫిక్.

ఆ రోఫిక్కే ఎదురుగా ఐదో తరం పెట్టెతో కొట్టు తెరిచాడు. ఒక ఆదివారం పొద్దున రెండు టీవీలు సందులోకి లాగాడు. ఒకదానికి తన పెట్టె, రెండోదానికి పైరన్ దగ్గర అడిగి తెచ్చిన పెట్టె తగిలించాడు. పెట్టెలు రెండూ ఒకే సైజులో ఉండేలా చుట్టూ గుడ్డలు కుక్కి, పైన లుంగీలు కప్పాడు.

"గురువుగారూ, అన్నీ ఒకటే అంటారుగా. నా కొత్త పెట్టె బొమ్మ ఏ టీవీలో ఉందో చెప్పండి. చెప్తే నేను సందు ఖాళీ చేస్తా. తప్పితే మీ కొట్టుకి తాళం."

"లోపలికి రావయ్యా," అని తుమిని చెయ్యి పట్టుకు లాగింది.

"ఉండవే. వీడికి ముక్కు తుడుచుకోడం నేర్పింది నేను."

ఎడమ టీవీలో గోల్‌కీపర్ కనుబొమ్మలు దువ్వుకున్నట్టు కనబడుతున్నాయి. కుడి టీవీలో ఇటుకలు ఇటుకల్ని గుద్దుకుంటున్నాయి. పైరన్ ముక్కు తెరకి ఆనేదాకా వంగాడు.

"ముద్దు పెడతారా ఏంటి?" అన్నాడు రోఫిక్. సందంతా పడీపడీ నవ్వింది.

పైరన్ పెట్టెల వైపు తిరిగాడు. మొదటి తరం పెట్టె అరిగిపోయాక మామూలుగా పెడితే డిస్కు చదవదు, బోర్లిస్తేనే చదువుతుంది. మా సందులో అందరికీ తెలిసిన వైద్యమే. ఎడమ పెట్టెని లుంగీ మీంచి తడిమాడు. రబ్బరు కాళ్లు పైకి తగిలాయి. అతని మొహం పెళ్లికొడుకులా వెలిగింది.

"ఇది నాది. అంటే కుడి పక్కదే కొత్తది. అబ్బ, ఆ గడ్డి చూడండి, ఒక్కో పరకా కదులుతోంది. ఆ కుర్రాడి చెవిలో వెంట్రుకలు కూడా."

కుడి టీవీలో కుర్రాడికి అసలు చెవులే లేవు.

"రెండూ నేనే బోర్లించాను గురువుగారూ," అన్నాడు రోఫిక్. "ఆ వైద్యం మీరు నేర్పిందేగా. ఇంతకీ ఇవి ఎన్ని వేళ్లు?"

పైరన్ తడుముకుంటూ తన కొట్టు తలుపు దగ్గరికి నడిచాడు. తుమిని అతని చేతిలో తాళం పెట్టింది. కన్నం దొరక్క చాలాసేపు తలుపు గోకుతూ ఉంటే, ఒక్కో గోకుడుకీ జనం చప్పట్లు కొట్టారు. తాళం పడింది. ఆ తర్వాత అది మళ్లీ తెరుచుకోలేదు.

గాలి కన్నాలు మూసుకుపోయి, గుడ్డల మధ్య బోర్లా పడుకున్న కొత్త పెట్టెని ఎవరూ పట్టించుకోలేదు. మేకమాంసం సాతే పుల్లలు కాలుస్తున్నారేమో అనుకునేంత పొగ లేచింది. రోఫిక్ దాని మీద పడి, చేతులు కాల్చుకుని, తల్లి పోయినట్టు ఏడ్చాడు.

"ఏం మాడుతోందే?" అన్నాడు పైరన్.

"ఐదో తరం," అంది తుమిని.

మాంసం ఉండల సూపు అమ్మే బాక్సో బండి సలీకిన్ చెంచా చేత్తో పట్టుకుని, ఆ పొగనే చూస్తూ తలాడించాడు. "బొమ్మంటే ఇదయ్యా. ఎంత అచ్చంగా లేస్తోందో చూడండి. మొదటి తరంలో పొగ ఇటుకలిటుకలుగా వచ్చేది."