ట్రాముకు నాలుగు నిమ్మకాయలు

ఏ వస్తువునైనా నేను రెండు ప్రశ్నలే అడుగుతాను. ఎంత పనికొస్తుంది, ఎంత చోటు తింటుంది? సౌదీలోని ఖతీఫ్‌లో నా దుకాణం వెనకున్న ట్రాము మొదటి ప్రశ్నకు ఎప్పుడూ జవాబివ్వలేదు. రెండోదానికి మాత్రం ఇరవై ఆరు అడుగులని మొహమాటం లేకుండా చెప్పేది.

దుకాణమంటే బోల్టులు, తాళాలు, రంగు డబ్బాలు. మూడు గోడలు సిమెంటువి, నాలుగోది ఆ ట్రామే. నేను మెట్‌పల్లి నుంచి వచ్చేసరికే అది అక్కడుంది. నాకు వీసా ఇచ్చిన యజమాని, అంటే నా కఫీల్, అబూ జాఫర్ తండ్రి ఖర్జూరాలు పడవకెత్తి బొంబాయిలో అమ్మేవాడట. అక్కడ ట్రాములు ఎత్తేసిన ఏడాది, ఖాళీ పడవతో తిరిగి రావడం దండగనుకుని ఒక ట్రామును వేసుకొచ్చాడు. తోటలో పట్టాలు పరిచి, గాడిదను కట్టి, చుట్టాలను గేటు నుంచి నీటి బుగ్గ దాకా తిప్పేవాడు. గాడిద పోయాక ట్రాము ఆగింది. బుగ్గ ఎండాక చుట్టాలు ఆగారు. నేనొచ్చేనాటికి అందులో అబూ జాఫర్ కోళ్లుండేవి. కోళ్లు గుడ్లు పెడతాయి కాబట్టి నా దృష్టిలో అది కోళ్ల గూడు. అంతకన్నా ఎక్కువ గౌరవం ఇవ్వడానికి నాకు కారణం కనబడలేదు.

తొంభై ఒకటి జనవరిలో ఇరాక్‌తో యుద్ధం మొదలైంది. సైరన్ కూసినప్పుడల్లా వెనక క్యాంపులోని మనవాళ్లు ఇరవై మంది తడి తువ్వాలలు మూతికి కట్టుకుని ట్రాములో దూరేవారు. ఇనుప చక్రాలున్నాయి కాబట్టి ఇదే గట్టిదని అంజన్న తేల్చాడు. అంజన్నది ధర్మపురి వైపు, తాపీమేస్త్రి. ఆయన కట్టిన గోడ నిలబడేది కాబట్టి ఆయన మాట కూడా నిలబడేది. ట్రాము పైకప్పు చెక్కదని, అదీ చెదలు పట్టిందని రాధాకృష్ణ గారు వాదించారు. ఆయనది రాజమండ్రి, ఒక కంపెనీలో ఇంజనీరు. క్షిపణి బరువు, వేగం కాగితం మీద వేసి, సిమెంటు ఇల్లే మేలని రుజువు చేశారు. రుజువు చేసిన మూడో రోజున సిమెంటు ఇంట్లో ఒంటరిగా ఉండలేక ఆయనే ట్రాములోకి వచ్చేశారు. కంపెనీ ఇచ్చిన గ్యాస్ మాస్కు వెంట తెచ్చుకున్నారు. మాస్కు ఒకటి, నాతో కలిపి ముఖాలు ఇరవై రెండు. తలా రెండు నిమిషాలు వంతు వేశాం. కోళ్లకు వంతు రాలేదు.

ఫిబ్రవరి ఆఖరుకు యుద్ధం ముగిసింది. మా వీధిలో ఏదీ పడలేదు. ట్రామే కాపాడిందని అంజన్న అన్నాడు, ఇరవై మందీ అదే అన్నారు. పక్కనున్న దాణా బస్తా కూడా చెక్కుచెదరలేదు కదా, దానికి దండం పెట్టరేమని నేనడిగాను. అంజన్న నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

మరుసటి ఏడాది బలదియా వాళ్లు, అంటే మునిసిపాలిటీ వాళ్లు, రోడ్డు వెడల్పు చేస్తామంటూ గోడ మీద ఎర్ర గుర్తు వేసి పోయారు. ఆ గుర్తు ప్రకారం ట్రాము పాత ఇనుముకు పోతుంది, దాన్ని ఆనుకున్న నా దుకాణం మట్టిలో కలుస్తుంది. అబూ జాఫర్ పరిగెత్తుకుపోయి, అది తన తండ్రి గుర్తని బతిమాలాడు. వాళ్లు ఒక షరతు పెట్టారు. కదలనిదైతే చెత్త. తన పట్టాల మీద గేటు దాకా ఇరవై గజాలు నడిస్తే పాతకాలపు బండి, దాన్ని ఉంచేసి రోడ్డునే వంచుతారు. రెండు నెలల గడువు.

నేను నా లెక్క వేసుకున్నాను. దుకాణం పోతే నాకు మిగిలేది ఎగ్జిట్ వీసా. మెట్‌పల్లిలో బోల్టులమ్మే మా బావమరిది ఒకడున్నాడు, వాడి పక్కన స్టూలు మీద కూర్చోవాలి. ఆ సాయంత్రం నుంచే నాకు పాత వస్తువుల మీద విపరీతమైన ప్రేమ పుట్టింది.

మనవాళ్లను పిలవనక్కరలేకపోయింది. ప్రతి శుక్రవారం పొద్దున్నే క్యాంపు మొత్తం దిగేది. మొదటి వారం కోళ్లను ఖాళీ చేయించాం. ఒక్క నల్ల పెట్ట మాత్రం దొరకలేదు. రెండో వారం చక్రాలకు కిరోసిన్ పట్టించాం. కుళ్లిన పలకల స్థానంలో, సైన్యం వదిలిపోయిన పెట్టెల చెక్క వేశాం. వాటి మీద బాణం గుర్తుతో 'దిస్ సైడ్ అప్' అని నల్లటి అక్షరాలున్నాయి. పెయింటర్ పీరయ్య వాటిని తలకిందులుగా బిగించి రెండు పూతలు వేశాడు. అక్షరాలు మూడో రోజుకు మళ్లీ పైకి తేలాయి.

రంగు దగ్గర వారం పోయింది. రాధాకృష్ణ గారు గడ్డం బ్లేడుతో ఒక మూల గీకి ఏడు పొరలు తేల్చి, అన్నిటికన్నా అడుగున ఆకుపచ్చ ఉందన్నారు. చిన్నప్పుడు తాను చూసింది ఎరుపని అబూ జాఫర్ ఒట్టు వేశాడు. నా దగ్గర అమ్ముడుపోని నీలం పదకొండు డబ్బాలుంది. ట్రాము నీలం అయింది. పాత గంట ఎక్కడా దొరకలేదు కాబట్టి, అరబ్బుల మాంసం పులావు కబ్సా వండే పెద్ద డేగిసా మూత తెచ్చి డ్రైవరు నిలబడే చోట వేలాడదీశాం. మోగితే పెళ్లి భోజనాలకు పిలిచినట్టుండేది.

తనిఖీ రోజు పొద్దున అంజన్న ఒక సంచితో వచ్చాడు. ఒక్కో చక్రం ముందు, పట్టా మీద ఒక్కో నిమ్మకాయ పెట్టాడు.

"గిదేంది అంజన్నా? ఇయ్యాల్నే పెట్టాల్నా?"

"కొత్త బండి నిమ్మకాయ తొక్కకుంట ఎట్ల కదుల్తది సేటు?"

"కొత్తదేంది? నీకంటె పాతది."

"మనం చేసినంక కొత్తదే గద."

ఇరవయ్యో శతాబ్దం చివర్లో ఉన్నామండీ అని రాధాకృష్ణ గారు కూడా మందలించారు. ఇంతలో బలదియా ఇంజనీరు జీపు దిగాడు. కుర్రవాడు, మడమల దాకా తెల్లటి తోబు, చంకలో ఫైలు. ట్రాము చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూసి, లేచి, ఈ నిమ్మకాయలు దేనికని అడిగాడు. అడిగిన తీరు బాగాలేదు. అక్కడ మంత్రాల అనుమానం వస్తే దుకాణంతో పోదు, జైలు దాకా పోతుంది.

అబూ జాఫర్ నావైపు చూశాడు. నాకొచ్చిన అరబ్బీ మూడు వందల మాటలు, అందులో రెండు వందలు బోల్టులూ స్క్రూలూ. తుప్పుకు నిమ్మకాయ మంచిదని మిగిలిన వందలో సర్ది చెప్పాను. ఇంజనీరు నన్ను నమ్మక, కళ్లద్దాలున్నాయి కాబట్టి రాధాకృష్ణ గారిని ఇంగ్లీషులో అడిగాడు. ఆయన అద్దాలు తీసి చాలాసేపు తుడిచారు.

"సిట్రిక్ యాసిడ్," అన్నారు చివరికి.

అబద్ధం చెప్పలేదు. నిమ్మకాయలో ఉండేది అదే.

ఇంజనీరు తల ఊపాడు. తుప్పు వదిలితే ఇక వాటితో పనేముంది, తీసేసి నడపండి అన్నాడు. న్యాయమైన మాటే. నేనే వంగి నాలుగూ ఏరి జేబులో వేసుకున్నాను. అంజన్న ఎక్కి ముందు వైపు నిలబడ్డాడు. గంట మోగింది. ఎనిమిది మంది వెనక నుంచి తోశారు. కదల్లేదు. పదహారు మంది తోశారు. ట్రాము మూలిగింది, అంతే. రాధాకృష్ణ గారు టై భుజం మీద వేసుకుని తామూ ఒక చెయ్యి వేశారు. నిన్న సాయంత్రం నలుగురు తోస్తే ఉయ్యాలలా కదిలిన బండి ఇవాళ భూమిలో పాతినట్టుంది. ఇంజనీరు పెన్ను తీశాడు.

చక్రాలు చూద్దామని ముందుకు పోయాను. అంజన్న ఆకాశం వైపు చూస్తున్నాడు. బ్రేకు పిడి మాత్రం ఆఖరి చుట్టు దాకా బిగించి, రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"అంజన్నా, బ్రేకు ఇడువు," అన్నాను మెల్లగా.

"నిమ్మకాయలు పెట్టు, ఇడుస్త."

"నా దుకాణం పోతది."

"నీకు దుకాణం సేటు. ఇరవై మంది పానాలు గీ బండే కాపాడింది. దిష్టి తియ్యకుంట తోలి, చక్రం ఇరిగినంక నిన్ను తిట్టాల్నా, నన్ను తిట్టుకోవాల్నా?"

ఇలాంటి చోట బేరం ఎవరితో కుదురుతుందో చూడాలి. అంజన్నను ఒప్పించడానికి సాయంత్రమవుతుంది. ఇంజనీరుకు అర నిమిషం చాలు. వెళ్లి, నిమ్మకాయ లేకపోతే కదలలేదని మీరే చూశారు, ఉంటే ఏమవుతుందో కూడా చూడండి అన్నాను. చదువుకున్నవాడు, పరీక్ష అంటే కాదనలేదు. ఫైలు మూసి చేతులు కట్టుకున్నాడు.

నాలుగు నిమ్మకాయలూ తిరిగి పెట్టాను. డేగిసా మూత మోగింది. తోసేవాళ్లకు బ్రేకు సంగతి తెలియదు. ఇందాకటి అవమానమంతా భుజాల్లో పెట్టి ఒక్కసారిగా తోశారు. నిమ్మకాయలు చిట్లాయి. ట్రాము ఇరవై గజాలు పోయింది. అంజన్న బ్రేకు తిప్పేలోగా ఇంకో ఏడు గజాలు పోయి, గేటును బయటకు తోసి, రోడ్డు చూసి ఆగింది. మూత తాడు తెగి దొర్లుకుంటూ జీపు కిందకు చేరింది. సీటు కింద నుంచి నల్ల పెట్ట అరుస్తూ ఎగిరి ఇంజనీరు ఫైలు మీద వాలింది. నా దుకాణం నాలుగో గోడ లేకుండా, స్నానాల గది తలుపు తెరిచినట్టు, వీధి మొత్తానికి కనబడింది.

ఇంజనీరు కోడిని అబూ జాఫర్‌కు అందించాడు. నలిగిన నిమ్మకాయ ఒకటి తీసి వాసన చూశాడు. తర్వాత చాలాసేపు రాశాడు.

నెల తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. రోడ్డు వంగుతుంది, ట్రాము ఉంటుంది. నెలకోసారి నడపాలి. నడిపే ముందు చక్రానికి ఒకటి చొప్పున నాలుగు నిమ్మకాయలు పెట్టాలి, మూడో అంశంగా ముద్రతో సహా ఉంది. అబూ జాఫర్ చదివి వినిపిస్తే అంజన్న ఆశ్చర్యపోలేదు. సర్కారుకు ఆలస్యంగానైనా తెలిసిందన్నాడు. తొంభై మూడులో వేరే అధికారి తనిఖీకొచ్చి, నిమ్మకాయలు చిన్నవిగా ఉన్నాయని తప్పు రాసిపోయాడు.

ఆ లెక్కన నా దుకాణం నిలిచింది. నెలకో గురువారం నా గోడ షికారు పోయి వస్తుంది. అంతసేపు వాన రాకపోతే చాలు, అక్కడ ఎలాగూ రాదు. బ్రేకు సంగతి నేనెవరికీ చెప్పలేదు.

తర్వాత రాధాకృష్ణ గారికి దక్షిణాన ఉన్న జిజాన్‌కు బదిలీ అయింది. వెళ్లే ముందు కొత్త కారు కొన్నారు. ఒక పొద్దున దాన్ని దుకాణం ముందు ఆపి, అటూ ఇటూ చూసి, అంజన్న ఉన్నాడా అండీ అని అడిగారు. అంజన్న లోపలే టీ తాగుతున్నాడు.

"అంజన్నా, కొంచెం సిట్రిక్ యాసిడ్ కావాలోయ్," అన్నారు గొంతు తగ్గించి.

అంజన్న నవ్వలేదు. గ్లాసు పక్కన పెట్టి కారు చుట్టూ తిరిగాడు.

"స్టెప్నీ ఉన్నదా సార్?"

"ఉంది."

"అయితే అయిదు."